అప్‌డేట్: మా తమ్ముడి ఫీల్డింగ్ గురించి

హనుమకొండలో బేస్‌బాల్ ఆడే మా తమ్ముడు బరువు పెరిగాడని, షార్ట్‌స్టాప్‌లో (బ్యాటర్ పరుగెత్తి తాకాల్సిన రెండో, మూడో బేస్‌ల మధ్య ఉండే ఫీల్డర్ స్థానం) పక్కలకు వచ్చే నేలబంతులు అందుకోలేకపోతున్నాడని, అతన్ని అంతగా పరుగెత్తక్కర్లేని ఫస్ట్ బేస్‌కు మార్చాలా అని మూడు నెలల క్రితం అడిగాను. మార్చలేదు. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

మొదట భద్రకాళి బండ్ మీద రోజూ గంటసేపు పరుగెత్తించాను. అది నా పొరపాటు. ఆయాసం తగ్గింది గానీ బంతి మాత్రం అందలేదు. షార్ట్‌స్టాప్‌కు కావలసింది మొదటి రెండు అంగల వేగం. బేస్‌ల మధ్య దూరం 90 అడుగులే; బ్యాటర్ సుమారు నాలుగున్నర సెకన్లలో ఫస్ట్ బేస్ చేరతాడు. ఆలోపే బంతిని అందుకుని, ఫస్ట్ బేస్‌కు చేరేలా విసరాలి.

అందుకే దూరపు పరుగు తగ్గించి, పది గజాల పరుగులు, పక్కకు జరిగే అడుగులు, తుంటి వదులయ్యే వ్యాయామాలు పెట్టాం. పిచర్ విసిరిన బంతి బ్యాటర్‌ను చేరే క్షణంలో చిన్న గెంతు వేయడం అలవాటు చేశాం. బరువు మూడు కిలోలే తగ్గింది, నడుము మాత్రం బాగా వంగుతోంది. నిన్న ఎడమవైపు దూసుకెళ్లిన బంతిని ఆపి విసిరాడు. నాకు కళ్లు చెమర్చాయి.

చివరి ఇన్నింగ్స్‌లో త్రో ఇంకా కిందికి పడుతోంది. ఇప్పుడు కాళ్ల బలం మీద పనిచేస్తున్నాం.