జనరేటర్‌కి ఏ చేంజోవర్ (లైనుకీ జనరేటర్‌కీ మధ్య మార్చే స్విచ్) పెట్టాలి? ఇసుక నేలలో ఎర్తింగ్ ఎలా?

ఉద్దానం_కొబ్బరితోట:
సోంపేట దగ్గర ఇల్లు, సింగిల్ ఫేజ్ సర్వీసు. 5 కేవీఏ పెట్రోల్ జనరేటర్ పెడుతున్నాం. బోర్డులో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్) ఉంది. ఫేజ్ మార్చే స్విచ్ చాలు, లైను న్యూట్రలూ జనరేటర్ న్యూట్రలూ కలిపేస్తానంటున్నాడు ఎలక్ట్రీషియన్. సరేనా? నేలంతా ఇసుక.

రాజాం_వైర్‌మన్:
కలపనివ్వకండి మాస్టారూ. ఫేజూ న్యూట్రలూ రెండూ మారే డబుల్ పోల్ చేంజోవర్ పెట్టించండి, మధ్యలో ఆఫ్ ఉన్నది. 5 కేవీఏకి 22 యాంపులే, కానీ అదే స్విచ్‌లో లైను కరెంటు కూడా నడుస్తుంది కాబట్టి ఇంటి మెయిన్ ఎంసీబీ (లోడు మించితే పడే స్విచ్) చూసి 40 గానీ 63 గానీ తీసుకోండి. జనరేటర్ వైపు 20 యాంపుల ఎంసీబీ, 4 చదరపు మి.మీ. రాగి వైరు. వరస: మీటరు, మెయిన్, చేంజోవర్, ఆ తర్వాతే ఆర్‌సీసీబీ. ఆర్‌సీసీబీ ముందుంటే జనరేటర్ మీద నడిచేటప్పుడు దానికి పనే లేదు.

న్యూట్రల్ కలిపేసి, జనరేటర్ దగ్గర ఎర్త్ కూడా చేశారనుకోండి. స్తంభం మీద న్యూట్రల్ తెగిన రోజున పక్కిళ్ల కరెంటు కూడా మీ ఎర్త్ పిట్‌లోంచి (ఎర్త్ పైపు దించిన గుంట) దారి వెతుక్కుంటుంది.

రెండు వైపులా ప్లగ్గులున్న వైరుతో సాకెట్లోకి సప్లై ఇవ్వడం మాత్రం ఎవరూ చేయొద్దు. ఇంట్లోంచి ఎదురెళ్లిన 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్ అవతల 11 కేవీ అవుతాయి. 2018 తిత్లీ లాంటి తుపాను తర్వాత ఆ తీగలు పట్టుకుని పనిచేసేది లైన్‌మన్లే.

బొబ్బిలి_వైండింగ్:
ఇంకోటి చాలామందికి తెలీదు. చిన్న పెట్రోల్ జనరేటర్లలో చాలావాటికి వైండింగ్ బాడీకి కలిసి ఉండదు. అలా ఉంటే లీకైన కరెంటుకి తిరిగొచ్చే దారి లేదు, ఆర్‌సీసీబీ పడదు. టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం టక్కున పడుతుంది, ఎందుకంటే ఆ బటన్ ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్యే పనిచేస్తుంది. దాన్ని చూసి అంతా బాగుందనుకోకండి.

జనరేటర్ టెర్మినల్ దగ్గర ఒక్కచోటే న్యూట్రల్‌ని బాడీకి లింకు చేయండి. 60 వాట్ల బల్బు ఒక వైరు ఫేజ్‌కి, ఇంకోటి బాడీకి పెట్టి చూడండి. లింకుకి ముందు వెలగదు, తర్వాత నిండుగా వెలగాలి. ఇన్వర్టర్ టైపు మెషీనైతే మాన్యువల్ చూడకుండా కలపొద్దు.

బాడీ నుంచి ఇంటి ఎర్త్ బార్‌కి (ఎర్త్ వైర్లన్నీ కలిసే పట్టీ) పచ్చ వైరు లాగండి. ఎర్త్ ఎప్పుడూ స్విచ్ గుండా పోకూడదు.

ఉద్దానం_కొబ్బరితోట:
పిట్ ఒకటి చాలా? ఉప్పూ బొగ్గూ వేస్తే సరిపోద్దా?

రాజాం_వైర్‌మన్:
40 మి.మీ. జీఐ పైపు, 2.5 మీటర్లకు తగ్గకుండా. పొడి ఇసుక పట్టు ఇవ్వదు, చెమ్మ తగిలేదాకా దించాలి. ఉప్పు మొదట్లో బాగానే ఉంటుంది గానీ వానలకి కొట్టుకుపోతుంది, పైపునీ తినేస్తుంది. తీరంలో బెంటొనైట్‌కే (చెమ్మ పట్టి ఉంచే బంకమట్టి) నా ఓటు. రెండు పిట్లు వేయండి, మధ్య 5 మీటర్ల దూరం. వేసవిలో నీళ్లు పోయండి. పిట్ మంచిదో కాదో బల్బు చెప్పదు, ఎర్త్ టెస్టర్‌తో చూడాల్సిందే.

పలాస_జీడిపప్పు:
త్రీ ఫేజ్ వాళ్ల కోసం: 25 కేవీఏకి సుమారు 35 యాంపులు, 63 యాంపుల ఫోర్ పోల్ చేంజోవర్ (మూడు ఫేజులూ న్యూట్రలూ మారేది) పెట్టండి. న్యూట్రల్‌కి రెండు పిట్లు, బాడీకి వేరే రెండు.

నెలకోసారి సప్లై అంతా ఆపి, చేంజోవర్ మూత తీసి న్యూట్రల్ లగ్ (వైరు చివర బిగించిన లోహపు కొస) చూడండి. స్క్రూ కాస్త వదులైతే లగ్ చుట్టూ ఇన్సులేషన్ గోధుమరంగుకి తిరిగి పెళుసెక్కుతుంది. అది పూర్తిగా వదిలేస్తే లోడు తక్కువున్న ఫేజ్ మీద వోల్టేజీ 415 వైపు ఎగబాకుతుంది, ముందు కాలేవి టీవీ, ఫ్రిజ్‌లే.

ఫేజ్ వరస కూడా లైనుతో సరిపోవాలి. బోరు మోటారు తిరుగుతున్నా నీళ్లు సన్నగా వస్తుంటే జనరేటర్ వైపు ఏవైనా రెండు ఫేజులు మార్చండి.

బొబ్బిలి_వైండింగ్:
బాడీ ఎర్త్‌కి గట్టి తీగ వద్దు, ఇంజను అదురుకి బోల్టు దగ్గరే తెగుతుంది. అల్లిక రాగి వైరు వాడి, కింద స్టార్ వాషర్ వేయండి. బోల్టు కింద పెయింటు గీకడం మర్చిపోకండి.