జీఎల్‌డీ-1 రిపోర్టర్ గోనాడ్‌లో (బీజకోశంలో) అస్సలు వెలగట్లేదు, ఎందుకు?

ప్రశ్న: సీ. ఎలిగాన్స్ అనే చిన్న పురుగులో, జెర్మ్ కణాల్లో (అండాలు, శుక్రకణాలుగా మారేవి) పనిచేసే జీఎల్‌డీ-1 జీన్ ప్రమోటర్‌కి (జీన్‌ని ఆన్ చేసే డీఎన్‌ఏ భాగం) ఆకుపచ్చగా వెలిగే జీఎఫ్‌పీ ప్రోటీన్ జీన్ తగిలించి, వెనక మామూలుగా అందరూ వాడే అన్‌క్-54 జీన్ యూటీఆర్ (జీన్ చివర్లో ప్రోటీన్‌గా మారని భాగం) పెట్టి ఇంజెక్ట్ చేశాను, పురుగు గొంతులో ఎర్ర మార్కర్ (ఇంజెక్షన్ పట్టిందని చూపేది) బాగానే వెలుగుతోంది కానీ జెర్మ్ కణాల్లో మాత్రం చీకటే. ఎల్4లోనూ (చివరి లార్వా దశ) చూశా, పెద్ద పురుగుల్లోనూ చూశా. అదే పద్ధతిలో చేసిన లాగ్-2 అనే ఇంకో జీన్ రిపోర్టర్ మాత్రం గోనాడ్ చివర చక్కగా కనిపిస్తోంది, అదే అర్థం కావట్లేదు.

జవాబు 1: లాగ్-2 వెలిగేది డిస్టల్ టిప్ సెల్‌లో అండీ, అది గోనాడ్ కొసన ఉండే సొమాటిక్ కణం, అంటే జెర్మ్ కణం కాని మామూలు శరీర కణం. గుడ్డు నుంచి బయటికొచ్చేసరికి గోనాడ్‌లో ఉండేవి నాలుగే కణాలు, జెడ్1, జెడ్4 నుంచి సొమాటిక్ భాగం, జెడ్2, జెడ్3 నుంచి జెర్మ్ కణాలు వస్తాయి. ఇంజెక్ట్ చేసిన డీఎన్‌ఏ వందల కాపీల గొలుసులా మారుతుంది కదా, జెర్మ్ కణాలు మాత్రం అలాంటిదాన్ని పనిచేయకుండా నొక్కేస్తాయి, అందుకే లాగ్-2 వెలిగినా ఇది వెలగట్లేదు. క్రోమోజోమ్‌లో ఒక్క కాపీ పెట్టి చూడండి.

జవాబు 2: పైన చెప్పింది కరెక్టే, కానీ యూటీఆర్ కూడా మార్చండి ప్లీజ్, చాలామంది ఇక్కడే పొరబడతారు. జీఎల్‌డీ-1 ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి జీన్ నుంచి వచ్చే నకలు) గోనాడ్ డిస్టల్ చివరన, అంటే ఆ టిప్ సెల్ ఉన్న వైపు కూడా ఉంటుంది, కాకపోతే ఎఫ్‌బీఎఫ్ అనే ప్రోటీన్లు దాని 3 ప్రైమ్ (చివరి వైపు) యూటీఆర్‌ని పట్టుకుని ప్రోటీన్ తయారవకుండా ఆపుతాయి, కణాలు మియోసిస్ (అండాలు, శుక్రకణాలు తయారయ్యే కణ విభజన) వైపు జరిగేకొద్దీ ప్రోటీన్ పెరుగుతుంది. అన్‌క్-54 కండరం జీన్‌ది, దాంతో ఆ తేడా మీకు కనపడదు.

ప్రశ్న అడిగినవారు: అయ్యో, యూటీఆర్ సంగతి అసలు ఆలోచించలేదండీ! జీఎల్‌డీ-1 సొంత యూటీఆర్‌తోనే ఒక్క కాపీ లైన్ మొదలుపెడతాను, థాంక్స్ ఇద్దరికీ.