వాక్యూమ్ బ్రేక్‌డౌన్‌లో కాథోడ్ చుక్క కెమెరాకి చిక్కట్లేదు

గ్యాప్_1మిమీ:
శూన్యంలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య కరెంట్ ఒక్కసారిగా దూకేటప్పుడు (వాక్యూమ్ బ్రేక్‌డౌన్) కాథోడ్, అంటే నెగటివ్ ఎలక్ట్రోడ్, మీద వెలిగే చుక్కని ఫొటో తీయాలని చూస్తున్నాం. రాగి ఎలక్ట్రోడ్లు, గ్యాప్ 1 మి.మీ., పల్స్ 30 కిలోవోల్టులు, ఛాంబర్‌లో 5×10⁻⁶ మిల్లీబార్. ఐసీసీడీ కెమెరా గేట్ (తెరిచి ఉండే సమయం) 10 నానోసెకన్లు, ట్రిగ్గర్ కరెంట్‌ని పసిగట్టే కాయిల్ నుంచి. ఏ ఫొటో చూసినా గ్యాప్ మొత్తం వెలిగిపోయి ఉంటోంది. పీఎంటీ (ఫొటోమల్టిప్లయర్ ట్యూబ్, వెలుగుని కొలిచే సెన్సర్) సిగ్నలేమో మైక్రోసెకన్ల కొద్దీ సాగుతోంది. ఎక్కడ తప్పుతున్నాం?

ఉప్పల్_ఆప్టిక్స్:
కాథోడ్ ప్లాస్మా (అక్కడ పుట్టే వెలిగే ఆవిరి) సుమారు సెకనుకి 20 కిలోమీటర్ల వేగంతో వ్యాపిస్తుందండి. మీ గ్యాప్ దాటడానికి 50 నానోసెకన్లు చాలు. కోయాక్స్ కేబుల్ మీటరుకి 5 నానోసెకన్లు తింటుంది, కెమెరా లోపలి డిలే ఇంకొన్ని పదులు. కరెంట్ వచ్చాక లేపితే, కెమెరా కళ్లు తెరిచేసరికి పెళ్లయిపోయి భోజనాలు నడుస్తుంటాయి.

డిలే జనరేటర్ పెట్టి ముందు కెమెరాకి, తర్వాత హైవోల్టేజ్‌కి ట్రిగ్గర్ ఇవ్వండి. బ్రేక్‌డౌన్ ప్రతి షాట్‌కీ ఒకే క్షణంలో రాదు, ఆ జిట్టర్‌తో కుస్తీ పట్టకండి. గేట్ మానిటర్‌నీ (కెమెరా ఎప్పుడు తెరుచుకుందో చెప్పే సిగ్నల్) కరెంట్‌నీ సమాన పొడవు కేబుళ్లతో ఒకే ఆసిలోస్కోప్‌కి ఇచ్చి, వందల షాట్లు తీసి, అసలు సమయాన్ని బట్టి తర్వాత పేర్చుకోండి. చాలా ఫ్రేములు ఖాళీగా వస్తాయి, రానివ్వండి.

పీఎంటీకి స్కోప్ ఇన్‌పుట్ 1 మెగాఓమ్‌లో ఉందా? 2 మీటర్ల కేబుల్ అంటే 200 పికోఫారడ్లు. రెండూ గుణించండి, 200 మైక్రోసెకన్లు; మీ సిగ్నల్ సాగడానికి కారణం అదే. 50 ఓమ్‌లకి మార్చండి. స్కోప్‌లో ఆ ఆప్షన్ లేకపోతే ఫీడ్‌త్రూ టర్మినేటర్ (కేబుల్ చివర తగిలించే 50 ఓమ్‌ల ముక్క) కోసం హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడండి.

గ్యాప్_1మిమీ:
1 మెగాఓమే! మార్చాం, తోక పోయింది. ట్రిగ్గర్ కూడా సరిచేశాం. కాథోడ్ చుక్క దొరికింది కానీ అదే ఫ్రేములో ఆనోడ్ (ఎదుటి పాజిటివ్ ఎలక్ట్రోడ్) మీద కూడా ఒకటి ఉంది. నిజమేనా?

రాగి_521:
నమ్మకండి. మెరుగుపెట్టిన రాగి అద్దమే కదా. ఆనోడ్‌ని టైటానియంతో మార్చి, వెలుగుని రంగులుగా విడదీసి స్పెక్ట్రమ్ తీయండి, ఏ లోహం లైన్లు దానివే. ఆ చుక్కలో 510.6, 515.3, 521.8 నానోమీటర్ల రాగి లైన్లే ఉంటే అది ప్రతిబింబం, లేదా కాథోడ్ ఆవిరి. టైటానియం లైన్లు వస్తేనే ఆనోడ్ ఆవిరవుతున్నట్టు. తొలి కొద్ది షాట్లలోనే చూడండి, తర్వాత టైటానియం మీద రాగి పూత పడిపోతుంది.

ప్లాస్మా టెంపరేచర్ లెక్కకీ ఆ మూడు రాగి లైన్లే వాడండి. 324.8 జోలికి పోవద్దు, సెల్ఫ్ అబ్సార్ప్షన్ ఎక్కువ, అంటే ఆ వెలుగుని రాగి ఆవిరే మళ్లీ మింగేస్తుంది. 656.3 దగ్గర హైడ్రోజన్ కనబడితే గోడలకంటిన తేమ కావచ్చు. మన వానాకాలంలో ఛాంబర్ తెరిచి మూశాక బేక్ చేయకపోతే (వేడిచేసి తేమని తరమకపోతే) అది పోదు.

వెలుతురు రోజురోజుకీ తగ్గుతుంటే కిటికీకి రాగి పొర పట్టినట్టే. లోపల గాజు పలక ఒకటి అడ్డంపెట్టి మారుస్తుండండి.

ఉప్పల్_ఆప్టిక్స్:
ఇంకోటి, 30 కిలోవోల్టుల దగ్గర ఎక్స్‌రేలు వస్తాయి. ఫొటోల్లో అక్కడక్కడా తెల్ల చుక్కలు పడుతుంటే ముందు వాటినే అనుమానించండి. అద్దంతో వెలుగుని 90 డిగ్రీలు తిప్పి కెమెరాని పక్కన పెట్టండి, కిటికీకి ఎదురుగా సీసపు రేకు నిలబెట్టండి. ఆ ఎదురుగా మనుషులెవరూ కూర్చోకూడదు.