సమస్యాపూరణం: మెచ్చినట్టివారె మేటి రిపులు

సమస్య ఇచ్చినవారు (గాంధీనగరం, విజయవాడ):
ఈ వారం సమస్య, అంటే మీరు పద్యంలో ఇమిడించాల్సిన పాదం, ఆటవెలది ఛందస్సులో ఉంది.

*మెచ్చినట్టివారె మేటి రిపులు*

పూరణ సినిమా ఆదరణ మీదే ఉండాలి. నగరంలో నడిచే ప్రేమకథ ఒకటి విడుదలైందనుకోండి: ఐటీ ఉద్యోగాలు, అద్దె ఫ్లాటు, విడిపోవడం, మళ్ళీ కలవడం. రివ్యూలు బాగా వచ్చాయి, చూసినవాళ్ళు మెచ్చుకున్నారు. అలా మెచ్చినవాళ్ళే దానికి శత్రువులెలా అయ్యారో పద్యం చెప్పాలి. కారణం పద్యంలోనే దొరకాలి, కింద వివరణ రాసి గట్టెక్కించకూడదు.

గణాలు: 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు), రెండు ఇంద్రగణాలు (నల, నగ, సల, భ, ర, త). 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి పాదం మొదటి అక్షరంతో మైత్రి (యతి) ఉండాలి, లేదా ఆ రెండిటి తర్వాతి అక్షరాలు కలవాలి (ప్రాసయతి). ఇచ్చిన పాదంలో ఐదూ సూర్యగణాలే కాబట్టి రెండో పాదంగానైనా, నాలుగో పాదంగానైనా వాడుకోవచ్చు.

అరండల్‌పేట, గుంటూరు:
తేటగీతిలో ఇమిడించవచ్చా అండీ?

గాంధీనగరం:
కుదరదండీ. తేటగీతి పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు కావాలి. "మెచ్చి" సూర్యగణం, "నట్టివా" ర-గణం, అక్కడిదాకా బాగానే నడుస్తుంది. తర్వాత "రెమేటి" వస్తుంది. లఘువు, గురువు, లఘువు: అది జ-గణం, ఇంద్రగణాల్లో లేదు.

పూరణ 1 (సత్యనారాయణపురం, విజయవాడ):

ముందురోజె చూచి మురిసి నాలుగు చుక్క
లిచ్చినారు, జనము లిల్లు విడిచి
కొండఁ జూడ వచ్చి గుట్టనుఁ గనినారు
మెచ్చినట్టివారె మేటి రిపులు

గాంధీనగరం:
నిర్దోషమైన పద్యం. రెండో పాదంలో చుక్కలు + ఇచ్చి, జనములు + ఇల్లు: ఇకారానికి ఇకారం, స్వరయతి చక్కగా కుదిరింది. మూడో పాదంలో కొ–గు యతి. క, గ ఒకే వర్గం, ఒ–ఉ మైత్రి ఉంది. కొందరు ఇక్కడ హల్లు సరిపోతే చాలనుకుని అచ్చును వదిలేస్తారు. మీరు రెండూ చూసుకున్నారు.

విషయమూ సరైనదే. ముందురోజు మాట ఎంత తొందరగా చేరుతుందో చూడండి. వేసవి సమయం నడిచే నెలల్లో న్యూయార్క్‌లో గురువారం సాయంత్రం 6 గంటలంటే మనకు శుక్రవారం తెల్లవారుజామున 3:30. అక్కడి ప్రీమియర్ ముగిసిన మాట ఇక్కడి మార్నింగ్ షో మొదలయ్యేలోపే ఫోన్లలో ఉంటుంది. "మాస్టర్‌పీస్" అని విని వచ్చినవాడు మొదటి అరగంటలోనే మాస్టర్‌పీస్ వెతుకుతాడు. ఈ తరహా కథ మొదటి అరగంటలో పాత్రల పరిచయమే చేస్తుంది. అప్పుడు "లాగుడు" అనే మాట పుడుతుంది. సినిమా గుట్టంతే ఉన్నా అది ఎక్కదగ్గ గుట్టే కావచ్చు. కొండ అని చెప్పినవాడే దాన్ని చిన్నది చేశాడు. శత్రుత్వానికి కారణం పద్యంలోనే ఉంది.

పూరణ 2 (పటమట, విజయవాడ):

హాలు కేల యనుచు నాలుగు వారాలు
వేచి యింటిలోనె వీలుఁ జూచి
పోస్టు మీఁద పోస్టు పొగడుచుఁ బెట్టిరి
మెచ్చినట్టివారె మేటి రిపులు

బ్రాడీపేట, గుంటూరు:
మొదటి పాదంలో యతి తప్పింది కదండీ? హా–నా.

గాంధీనగరం:
తప్పలేదు, అది ప్రాసయతి. "హాలు–నాలు": రెండో అక్షరం రెండుచోట్లా లకారమే, దాని ముందున్న హా, నా రెండూ గురువులే. ముందక్షరాల్లో ఒకటి గురువు, ఒకటి లఘువు అయితే మాత్రం చెల్లదు.

నాకు కనిపించిన లోపం వేరు. "వీలుఁ జూచి" అన్నారు, సినిమా చూసిన మాట ఎక్కడా లేదు. చదివేవారే పూరించుకోవాలి. ఒక్క క్రియ కోసం పద్యం పలచబడింది. రెండో పాదం మళ్ళీ కట్టుకుంటే బాగుంటుంది.

గవర్నరుపేట, విజయవాడ:
విషయం మీద ఒక మాట. పోస్టులో పొగడ్త పంపిణీదారు లెక్కలోకి రాదు. పన్నుతో కలిపి 150 రూపాయల టికెట్టు తీసుకోండి. వంద దాటింది కాబట్టి జీఎస్టీ 18 శాతం, అంటే దాదాపు 23 రూపాయలు. మిగిలిన 127లో హాలు అద్దో, శాతమో పోగా వచ్చేదే షేరు. పోస్టర్ల మీద వేసేది గ్రాసు (మొత్తం వసూలు), కొన్నవాడికి మిగిలేది షేరు. కృష్ణా, గుంటూరు వేర్వేరు ఏరియాలుగా అమ్ముడవుతాయి కాబట్టి బెజవాడ మల్టీప్లెక్సులు శని, ఆదివారాలు నిండినా గుంటూరు ఏరియా కొన్నవాడికి ఒరిగేదేమీ లేదు. ఇలాంటి సినిమాకు అసలు పరీక్ష సోమవారం మ్యాట్నీ. "ఓటీటీకి వచ్చేదాకా నాలుగు వారాలు ఆగుదాం" అన్నవాళ్ళు ఆ ఆటకే కరువవుతారు. అందుకే "నాలుగు వారాలు" అన్నచోట పద్యానికి ప్రాణం ఉంది.

పూరణ 3 (కొత్తపేట, గుంటూరు):

క్లాసు బొమ్మ యనుచుఁ గలమువారు పొగడ
మాసు జనులు టికెట్ మానుకొనిరి
పేరు పెట్టి యిట్లు బేరముఁ జెఱచిరి
మెచ్చినట్టివారె మేటి రిపులు

గాంధీనగరం:
రెండో పాదంలో మూడో గణం చూడండి. "టికెట్" హలంతం, అంటే పొల్లుతో ముగిసే మాట. చివరి పొల్లు వెనకున్న "కె"ను గురువు చేస్తుంది. లఘువు, గురువు: అది లగం, సూర్యగణం కాదు. అజంతం చేస్తే, అంటే అచ్చుతో ముగిస్తే చాలు, "టికెటు" మూడు లఘువులతో న-గణమవుతుంది.

*మాసు జనులు టికెటు మానుకొనిరి*

సినిమా మాటలతో పద్యం రాసేవారు ఎక్కువగా తప్పేది ఇక్కడే. హిట్, ఫస్టాఫ్, ట్రైలర్, మల్టీప్లెక్స్ అన్నీ పొల్లుతో ముగిసేవే. హిట్టు, ట్రైలరు అని ఉకారం చేర్చాకే గణం లెక్కపెట్టండి.

బ్రాడీపేట:
ఛందస్సు సరే, భావంతో నాకు పేచీ ఉంది. "క్లాసు" అన్నంత మాత్రాన బేరం చెడదు. 2004 అక్టోబరు 15న "ఆనంద్" వచ్చింది, అదే రోజున చిరంజీవి "శంకర్ దాదా ఎం.బి.బి.ఎస్." కూడా. "ఓ మంచి కాఫీ లాంటి సినిమా" అని తమ బొమ్మ స్వభావాన్ని వాళ్ళే ముందుగా చెప్పుకున్నారు. పెద్ద సినిమా పక్కన నిలబడి నోటిమాటతో ఆడింది. ఆ మాట ఎవరినీ బయటికి నెట్టలేదు, ఏ రుచికి రమ్మంటున్నారో చెప్పింది. "మల్టీప్లెక్సు ఆడియన్సుకే", "బీ, సీ సెంటర్లకు (చిన్న ఊళ్ళకు) కష్టం" అని రివ్యూ చివర రాసే వాక్యం వేరు. అది చూసేవాడి తరఫున రాసేవాడే తీర్పు చెప్పడం. మీ పద్యం తిట్టాల్సింది ఆ వాక్యాన్ని. మూడో పాదంలో "పేరు పెట్టి" అన్నది దానికి దగ్గరగా వచ్చింది గానీ, గీత గీసి జనాన్ని విడదీసిన సంగతి ఇంకా స్పష్టం కావాలి.

పూరణ 4 (లబ్బీపేట, విజయవాడ):

చివరి మలుపుఁ జెప్పి చెడఁగొట్టి మిత్రులు
చక్కనైన బొమ్మ సారమెల్లఁ
దోడి పాఱఁబోసి తోడ రమ్మనిరయ్య
మెచ్చినట్టివారె మేటి రిపులు

గాంధీనగరం:
తోడి–తోడ శబ్దం హాయిగా ఉంది. రెండో పాదంలో చ–సా యతి చెల్లుతుంది. ముందు మాట చివరి ద్రుతం (నకారం) వల్ల మూడో పాదం "తోడి" కాక "దోడి" అని సరళంతో మొదలైనా ద–త మైత్రికి అడ్డం లేదు.

ప్రేమకథలో మిగిలే ప్రశ్న ఒక్కటే: కలుస్తారా, కలవరా? 2010 ఫిబ్రవరి 26న గౌతమ్ మేనన్ తీసిన ఒకే కథ తెలుగులో "ఏ మాయ చేసావే"గా, తమిళంలో వేరే నటులతో, ఒకే రోజు వచ్చింది. ముగింపులు మాత్రం వేరు. ముగింపు ఎంత బరువు మోస్తుందో తెలిసిన దర్శకుడు చేసిన పని అది. ఆ ఒక్కటీ ముందే చెప్పేశాక టికెట్టు కొనడానికి మిగిలేవి పాటలూ, నటనే.

పూరణ 5 (అరండల్‌పేట, గుంటూరు):

తప్పు చూపి పిదపఁ దగు మేలు గుర్తించి
మెచ్చినట్టివారె మేటి, రిపులు
చూడకుండ నోటఁ జుక్కలు కురిపించు
వారు, మాట నమ్మవలదు సుమ్ము

గాంధీనగరం:
ఈ వారం నాకు బాగా నచ్చినది ఇదే. సమస్యను రెండో పాదానికి తెచ్చి "మేటి" దగ్గర విరిచారు. మెచ్చినవారు శత్రువులు కారు, మేటి విమర్శకులు. "రిపులు" మూడో పాదంలోని వాళ్ళకు పోయింది.

బ్రాడీపేట:
"వారె మేటి" అన్నచోట బహువచనం రావద్దా?

గాంధీనగరం:
"మేటి" విశేషణం. "మేటి విమర్శకులు" అన్నచోటి విశేష్యం (నామవాచకం) పైకి చెప్పకపోయినా అధ్యాహారంగా వస్తుంది, వాక్యం చెల్లుతుంది.

మొదటి పాదంలో చెప్పిన వరస కూడా రివ్యూకు సరైన వరసే. ఎక్కడ లాగిందో చెప్పాలి: ఇంటర్వెల్ ముందా, విడిపోయాక వచ్చే పాటలోనా? కారణం రచనా, ఎడిటింగా? ఆ తర్వాత మేలు చెప్పాలి. అప్పుడు చదివినవాడికి సినిమా కొలత తెలుస్తుంది, ఆ కొలతతోనే హాల్లో కూర్చుంటాడు.

వచ్చే వారానికి తేటగీతిలో:

*చీఁకటింటను వెలుఁగెల్ల చేటు సేసె*

చీ–చే యతి. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. నాలుగింటిలో ఏ పాదంగానైనా వాడుకోవచ్చు. విషయం సినిమా హాలే, ఆట నడుస్తున్నప్పుడు వెలిగే ఫోన్ల మీద.