ఆడిట్ టేబుల్‌లో మారిన విలువ చాలా, రో మొత్తం రాయాలా?

అమీర్‌పేట_జూనియర్: మా ఇన్వాయిస్ టేబుల్‌లో 60 కాలమ్స్, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో రాసుకునే ఆడిట్ టేబుల్ పెట్టాలి. కాలమ్ పేరు, పాత విలువ, కొత్త విలువ చాలంటారు లీడ్. రో (ఆ ఇన్వాయిస్ వరుస) మొత్తం కాపీ చెయ్యమంటారు డీబీఏ, అంటే డేటాబేస్ చూసుకునేవారు. ఏది మేలు?

పాతకాపు: రో మొత్తం. విలువలన్నీ టెక్స్ట్‌గా పెడితే తేదీ, డబ్బు ఒకే గాటన కట్టినట్టే. 03/04 అంటే మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా? పైగా మార్చి 31న ఇన్వాయిస్ ఎలా ఉందని అడిగితే ముక్కలు ఏరుకుని అతికించాలి.

మాదాపూర్_బ్యాకెండ్: ఒకటి మారితే 59 ఊరికే మోయాలా? డిస్క్ తాతగారి ఆస్తా? మారినవి మాత్రం జేసన్‌బీలో (పేరు-విలువ జతలు దాచే పోస్ట్‌గ్రెస్ డేటా రకం) పెట్టండి. కొత్త కాలమ్ వచ్చినా ఆడిట్ టేబుల్‌ని కదపక్కర్లేదు.

పాతకాపు: అందులో కీ (కాలమ్ పేరు) లేదంటే మారలేదనా, నల్ (ఖాళీ) అయిందనా?

మాదాపూర్_బ్యాకెండ్: నల్ అయితే కీ ఉంటుంది, విలువ నల్ ఉంటుంది. లేకపోతే మారలేదని. ఇదీ ప్రశ్నేనా?

పాతకాపు: ప్రశ్నే. ఎవడో సైజు తగ్గిద్దామని, నల్ ఉన్న కీలను తీసేసే జేసన్‌బీ_స్ట్రిప్_నల్స్ పెడితే రెండూ ఒకటే అయిపోతాయి.

చాయ్_బ్రేక్: మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2016 నుంచి, రో పాత రూపాల్ని తనే దాచుకునే టెంపోరల్ టేబుల్స్ ఉన్నాయి. ఈ గొడవే లేదు.

పాతకాపు: ఆయన పోస్ట్‌గ్రెస్ అన్నారు. అయినా టెంపోరల్ టేబుల్స్‌లో ఎవరు మార్చారో పడదు.

లెక్కల_మాస్టారు: ఇన్వాయిస్ అంటున్నారు కాబట్టి చెప్తున్నా. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకూ ఎడిట్ లాగ్ ఉండాలి, దాన్ని ఆపేసే వీలుండకూడదు. లెక్కల పుస్తకాలు 8 ఏళ్లు దాచాలి.

మాదాపూర్_బ్యాకెండ్: చూశారా, 8 ఏళ్లు! 59 కాలమ్స్ మొయ్యండి ఇక.

పాతకాపు: నీకు డిస్క్ గోలే. నా పాత కంపెనీలో ఒక రాత్రి ధర 4,500 కాస్తా 450 అయింది. పాత విలువ, కొత్త విలువ రెండూ ఆడిట్‌లో చక్కగా ఉన్నాయి. మార్చిందెవరంటే ‘యాప్_యూజర్’, అంటే యాప్ మొత్తం వాడే ఒకే డేటాబేస్ లాగిన్. ఆ పాస్‌వర్డ్ నా దగ్గరుందని మూడు రోజులు నన్నే కూర్చోబెట్టి అడిగారు.

మాదాపూర్_బ్యాకెండ్: అదీ సంగతి! ట్రిగ్గర్‌కి (మార్పు జరగ్గానే డేటాబేస్‌లో తనంతట నడిచే కోడ్) కనెక్షన్ యూజరే కనిపిస్తాడు. ఆడిట్ అప్లికేషనే రాస్తే అసలు మనిషి దొరుకుతాడు.

పాతకాపు: అర్ధరాత్రి మీవాళ్లు యాప్ దాటి డేటాబేస్‌లో నేరుగా కొట్టే అప్‌డేట్లు ఆడిట్‌లో ఎవరు రాస్తారు?

మాదాపూర్_బ్యాకెండ్: మీవాళ్లు అంటే? నేనెప్పుడు కొట్టాను?

చాయ్_బ్రేక్: ఇద్దరూ ఆగండి. ట్రాన్సాక్షన్ మొదట్లో సెట్ లోకల్‌తో (ఆ ట్రాన్సాక్షన్ వరకే ఉండే సెట్టింగ్) అసలు యూజర్ ఐడీ పెడితే, ట్రిగ్గర్ దాన్ని కరెంట్_సెట్టింగ్ ఫంక్షన్‌తో చదువుకుంటుంది.

పాతకాపు: ఆ ఒక్క లైను పెట్టాల్సింది యాప్ టీమ్. ఏడాది అడిగాను. ‘తర్వాతి స్ప్రింట్‌లో’ అనేవారు.

మాదాపూర్_బ్యాకెండ్: మేం ఒక కాలమ్ కావాలంటే మీరూ టికెట్ వెయ్యమనేవారేగా.

అమీర్‌పేట_జూనియర్: ఇప్పుడే మా పాత లాగ్ తెరిచి చూశా. ఆరు నెలలుగా అన్నిటికీ ‘యాప్_యూజర్’ అనే ఉంది. రేపు లీడ్‌ని ముందు దీని గురించే అడుగుతా.