బాలి చివరి రెండు రోజులు ఉలువాటులో పెట్టుకోవచ్చా?

కొత్తబాట: అమ్మతో కలిపి నలుగురం వెళ్తున్నాం. ఉబుద్, నుసా పెనీడా చూశాక చివరి రెండు రోజులు ఉలువాటు. పొద్దున తమ్ముడికి సర్ఫింగ్, సాయంత్రం కొండకొమ్మున ఉన్న గుడి దగ్గర కెచక్ నాట్యం, మర్నాడు విమానం. బాగుంటుందా?

తీరంగాలి: వద్దండి. కెచక్ గుడి నాట్యం కాదు. 1930ల్లో వాల్టర్ స్పైస్ అనే జర్మన్ చిత్రకారుడు, వయన్ లింబాక్ అనే అక్కడి నర్తకుడు కలిసి, సంఘ్యాంగ్ అనే పూనకపు క్రతువులోంచి మగవాళ్ల బృందగానం తీసుకుని, దానికి రామాయణం కథ కలిపి బయటివాళ్లు చూడటానికి తయారుచేసిన ప్రదర్శన. అమ్మగారికి సంప్రదాయం అని చెప్పి తీసుకెళ్లకండి.

అలలమీద: తమ్ముడికి సర్ఫింగ్ మొదటిసారైతే ఉలువాటు, దాని దగ్గరి పడాంగ్ పడాంగ్ తీరం రెండూ వద్దు. అడుగున పగడపు దిబ్బ, పడితే ఒళ్లు కోసుకుపోతుంది. కుటా తీరంలో అడుగంతా ఇసుకే, అక్కడ నేర్చుకోమనండి.

బొమ్మలిల్లు: దాదాపు తొంభై ఏళ్లుగా ఆడుతున్నది సంప్రదాయం కాకపోతే ఇంకెప్పుడవుతుంది? ఆడవాళ్లు వేదికెక్కి కూచిపూడి ఆడటం కూడా గత శతాబ్దంలో వచ్చిన మార్పే కదా. వాయిద్యం ఒక్కటీ లేకుండా పదుల మంది మగవాళ్లు నోటితో "చక్ చక్" అంటుంటే హనుమంతుడు మంటల్లోంచి వస్తాడు. చూసి మాట్లాడండి.

తీరంగాలి: చూసే మాట్లాడుతున్నా. బాలివాళ్లే 1971లో తమ నాట్యాలను మూడుగా విడదీశారు: దేవుడి ముందు ఆడే వాలి, ఉత్సవాలప్పటి బెబాలి, వినోదానికి ఆడే బాలిహ్-బాలిహాన్. కెచక్ మూడోదాంట్లోకి వస్తుంది. ఇది నా సొంత మాట కాదు.

బొమ్మలిల్లు: 2015లో యునెస్కో గుర్తించింది ఆ మూడు రకాలనీ కలిపే. మీరు "గుడి" అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోయారు.

పల్లెపడుచు: కళ్లద్దాలు తీసి సంచిలో పెట్టుకోండి, ఆ గుడి దగ్గరి కోతులు లాక్కుపోతాయి.

తీరంగాలి: ఆగిపోయానా? మా అమ్మ మోకాళ్ల నొప్పితోనే ఆ మెట్లన్నీ ఎక్కింది. సీత వచ్చినప్పుడు చేతులు జోడించింది. ముందున్నవాళ్లు లేచి నిలబడి ఫోన్లు పైకెత్తారు, ఆ తర్వాత ఆమెకి ఏమీ కనబడలేదు. "ఇది మనకోసం కాదులే" అంది. అది నేను మర్చిపోలేను.

బొమ్మలిల్లు: మాది తోలుబొమ్మలాట ఆడే ఇల్లు. తెల్లవార్లూ రామాయణం ఆడిన మా నాన్న చివరికి అదే తోలుతో దీపాలకి తొడుగులు చేసి అమ్మాడు. డబ్బు తీసుకున్నాడని ఆయన భక్తి అబద్ధమా? మీరు కెచక్‌ని అన్న ప్రతి మాటా నాకు ఆయన్ని అన్నట్టే తగులుతోంది.

తీరంగాలి: మీ నాన్నగారిని నేనేమీ అనలేదు. ఆడేవాళ్ల మీద నాకు కోపం లేదు, చూడటానికి వచ్చినవాళ్ల మీదే.

బొమ్మలిల్లు: అది మొదటే చెప్పాల్సింది. ఎదురుగా ఎవరు కూర్చోవాలో ఎంచుకునే వీలు ఆడేవాళ్లకి ఉండదు.

కొత్తబాట: అమ్మకి బాగా కనబడాలంటే ఎన్నింటికి వెళ్లాలి?

అలలమీద: ఆట ఆరింటికి. అయిదు లోపే లోపల ఉండండి.

తీరంగాలి: మరీ ముందు వరసలో మాత్రం కూర్చోబెట్టకండి, హనుమంతుడు తన్నే నిప్పు దగ్గరిదాకా వస్తుంది. రెండో మూడో వరసైతే మంచిది, చివర్లో అమ్మగారు దిగడానికి పక్కన దారి ఉండేలా చూసుకోండి.