ఆటోరొటేషన్ సాధన: నేల తాకేదాకా వెళ్లాలా, పైనే పవర్ అందుకోవాలా?

గాలిమర
ఆటోరొటేషన్, అంటే ఇంజిన్ ఆగాక గాలికి తిరిగే రోటర్ (పై రెక్కలు) మీదే దిగడం, నేర్పబోయి, ఇంజిన్ నిక్షేపంగా ఉన్న హెలికాప్టర్‌ను విరగ్గొట్టడం శిక్షణలో పాత కథే. అందుకే సూటిగా అడుగుతున్నా. విద్యార్థి చేత స్కిడ్లు (హెలికాప్టర్ నిలబడే కింది కమ్మీలు) నేలకు ఆనేదాకా (టచ్‌డౌన్) చేయించాలా, లేక ఫ్లేర్‌లో (నేల దగ్గర ముక్కు ఎత్తి వేగం తగ్గించేటప్పుడు) థ్రాటిల్ (ఇంజిన్ పవర్ పెంచే తిప్పుడు పిడి) తెరిచి 3–5 అడుగుల ఎత్తున హోవర్‌లో, అంటే గాల్లోనే నిలకడగా, ఆపించాలా (పవర్ రికవరీ)? నా ఓటు రెండోదానికి. అమెరికాలో ప్రైవేట్, కమర్షియల్ పరీక్షల్లో చూసేది పవర్ రికవరీనే. టచ్‌డౌన్ ప్రావీణ్యం అడిగేది ఇన్‌స్ట్రక్టర్ కాబోయేవాళ్లని. ఆ గీత అక్కడ గీయడంలో అర్థం ఉంది.

రోటర్‌పిచ్చి
గాలిమర గారూ, అది ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పడం. ప్రతిసారీ చివర్లో ఎడమ మణికట్టు థ్రాటిల్ తిప్పడం అలవాటైపోతుంది. నిజంగా ఇంజిన్ పోయిన రోజు తిప్పడానికి ఏముంటుంది? పైగా 5 అడుగుల దగ్గర ఆగడం మెదడులో నాటుకుపోతుంది. ఇంజిన్ లేకుండా అక్కడ ఆగితే రోటర్‌లో ఉన్న శక్తంతా అక్కడే ఖర్చయిపోయి, మిగతా 5 అడుగులూ రాయిలా పడతారు.

రాబిన్‌సన్ కంపెనీ చిన్న హెలికాప్టర్ ఆర్‌22లో సుమారు 40 అడుగుల దగ్గర ఫ్లేర్, 8 అడుగుల దగ్గర సైక్లిక్ (ముందుకూ పక్కలకూ వంచే కర్ర) ముందుకు నెట్టి సమం చేయడం, నేల తాకే ముందు కలెక్టివ్ (లేపితే రెక్కల కోణం పెరిగి పైకి ఎత్తే లివర్) లేపడం. ఆ కలెక్టివ్ లేపే అవకాశం ఒక్కసారే. తొందరపడితే ఆర్‌పీఎం (రోటర్ తిరిగే వేగం) అయిపోతుంది, ఆలస్యమైతే స్కిడ్లు విచ్చుకుంటాయి. ఆ క్షణం ఎక్కడుందో నేల తాకితేనే చేతికి తెలుస్తుంది.

సూదుల_చీలిక
ఇద్దరూ ఏ రోటర్ గురించి మాట్లాడుతున్నారో చెప్పకుండా వాదిస్తున్నారు. బెల్ 206 అనే హెలికాప్టర్ రోటర్ బరువైనది. కలెక్టివ్ లేపాక కూడా కాస్త ఓపిక పడుతుంది, చిన్న పొరపాటుని మన్నిస్తుంది. ఆర్‌22 రోటర్ తేలిక. ఇంజిన్ పోయాక కలెక్టివ్ దించడానికి చేతిలో ఉండేది సుమారు ఒక సెకను.

రోటర్‌లో దాచిన శక్తి ఆర్‌పీఎం వర్గానికి అనులోమంగా ఉంటుంది. 100 శాతం నుంచి 90కి పడితే పోయేది 10 శాతం కాదు, 19 శాతం. ఫ్లేర్ మొదలుపెట్టేసరికే 90 దగ్గరుంటే, చివర్లో లేపడానికి అంత తక్కువ మిగులుతుంది. తేలిక రోటర్‌లో అసలు మిగిలేదే తక్కువ. ఆర్‌22కీ, అదే కంపెనీ ఆర్‌44కీ అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 1995లో ప్రత్యేక నియమం పెట్టడానికి ఒక కారణం ఈ ఆర్‌పీఎం పడిపోయే గుణమే. కాబట్టి బరువు రోటర్ మీద టచ్‌డౌన్ చేయించండి, తేలిక దాని మీద వద్దు.

వంద_అడుగులు
చివరి 5 అడుగుల గురించే కొట్టుకుంటున్నారు గానీ, అక్కడ జరిగే ప్రమాదాల్లో చాలావాటికి బీజం 100 అడుగుల దగ్గరే పడుతుంది. రాబిన్‌సన్ సేఫ్టీ నోటీసు 38 చెప్పేది అదే. 100 అడుగులు దాటే సమయానికి నాలుగూ కుదరాలి: రోటర్ ఆర్‌పీఎం మీటర్‌లోని ఆకుపచ్చ గీత మధ్యలో, వేగం 60–70 నాట్ల మధ్య నిలకడగా, దిగే వేగం మామూలుగా, అంటే సాధారణంగా నిమిషానికి 1500 అడుగుల లోపు, మలుపు ఉంటే అది పూర్తయి. ఒక్కటి తప్పినా వెంటనే పవర్. డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పలుచదనాన్ని ఎత్తుగా చెప్పే లెక్క) 4000 అడుగులు దాటితే ఆ గడపను 200 అడుగులకో, ఇంకా పైకో జరపాలి.

లెక్క వేసుకోండి. నిమిషానికి 1500 అంటే సెకనుకి 25 అడుగులు. వంద అడుగులంటే నాలుగు సెకన్లు. అందులో చర్చకి చోటు లేదు.

తప్పు ఎక్కువగా జరిగేది 180 డిగ్రీల మలుపు ఆటోలో (ఆటోరొటేషన్‌లో). మలుపులో రోటర్ మీద భారం పెరిగి ఆర్‌పీఎం పైకి పోతుంది, దాన్ని ఆపడానికి విద్యార్థి కలెక్టివ్ కొంచెం లేపుతాడు. మలుపు తీరగానే భారం తగ్గి ఆర్‌పీఎం జారిపోతుంది, కలెక్టివ్ మాత్రం లేచినచోటే ఉంటుంది. అదే సమయానికి ముక్కు కిందికి వంగి వేగం 80కి పోతుంది. ఇన్‌స్ట్రక్టర్ "సర్దుకుంటాడులే" అనుకుంటాడు. ఆ "లే" దగ్గరే హెలికాప్టర్ పోతుంది. ఇంకొకటి: వరుసగా మూడు నాలుగు ఆటోలకు మించొద్దని కూడా ఆ నోటీసులోనే ఉంది. అలసిపోయేది విద్యార్థి ఒక్కడే కాదు.

రోటర్‌పిచ్చి
వంద అడుగుల గడప ఒప్పుకుంటా, దానికి ఎదురు లేదు. కానీ పవర్ రికవరీ ఏదో పట్టుపరుపు అన్నట్టు మాట్లాడకండి. ముందు కలెక్టివ్ లేపి తర్వాత థ్రాటిల్ గుర్తొస్తే, ఆర్‌పీఎం పడిపోయి లో ఆర్‌పీఎం హారన్ మోగుతుండగానే నేలకు కొట్టుకుంటారు. గాభరాగా ఒక్కసారి తిప్పితే ఓవర్‌స్పీడ్, అంటే హద్దు మీరిన వేగం. పవర్ రాగానే ముక్కు కుడికి తిరుగుతుంది, ఎడమ పెడల్ సిద్ధంగా లేకపోతే స్కిడ్లు అడ్డంగా ఆని బోల్తా. టర్బైన్ ఇంజిన్ అయితే ఐడిల్ (ఖాళీగా తిరిగే కనీస వేగం) నుంచి పుంజుకోవడానికి సెకన్లు పడుతుంది, ఫ్లేర్‌కి ముందే తెరవాలి. కార్బ్యురేటర్ ఇంజిన్‌లో కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌కు వేడి గాలి అందించే మీట) మరిచిపోయి థ్రాటిల్ మూస్తే, మంచు పట్టి నిజంగానే ఆగిపోవచ్చు. అప్పుడు టచ్‌డౌన్ ఎలాగూ చేయాలి, ఈసారి నేర్చుకోకుండా.

గాలిమర
సరే, ఆ చివరి వాక్యానికి నా దగ్గర జవాబు లేదు. అయితే చివరి భాగాన్ని ముక్కలుగా నేర్పొచ్చు కదా. హోవర్ ఆటో: 2–3 అడుగుల హోవర్‌లో థ్రాటిల్ మూసి, కుడి పెడల్‌తో ముక్కు నిలబెట్టి, కలెక్టివ్ దించకుండా పట్టుకుని, దిగడం మొదలయ్యాక లేపడం. కలెక్టివ్ టైమింగ్ దానితో వస్తుంది. పవర్ ఉండగానే రన్‌ఆన్ ల్యాండింగ్: స్కిడ్లు దారికి సమాంతరంగా ఆనించి జారడం. ఆగేదాకా సైక్లిక్ వెనక్కి లాగకపోవడం కూడా అందులోనే నేర్చుకుంటారు. లాగితే బ్లేడ్లు టెయిల్ బూమ్‌ను కోస్తాయి. ఈ రెండూ కలిస్తే నేల దగ్గర పని దాదాపు పూర్తయినట్టే.

రోటర్‌పిచ్చి
"దాదాపు" అన్నారు చూడండి, అక్కడే ఉంది తిరకాసు. ఫ్లేర్ నుంచి సమానానికి వచ్చే ఆ ఒకటిన్నర సెకన్లు మీ రెండు ముక్కల్లోనూ లేవు. తోక నేలకు తగిలేది అప్పుడే. కనీసం ఇన్‌స్ట్రక్టర్ చేతులు కంట్రోళ్ల మీద ఉండగా, ఎదురుగాలిలో, చదునైన గట్టి నేల మీద రెండు మూడుసార్లైనా చూపించాలి.

కొత్త_రెక్క
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. చెప్పకుండా థ్రాటిల్ మూసి "ఇంజిన్ ఫెయిల్" అని విద్యార్థిని పరీక్షించడం మంచిదేనా?

వంద_అడుగులు
ఆర్‌22 లాంటి దాంట్లో అస్సలు కాదు. సేఫ్టీ నోటీసు 27 దీని గురించే. కొన్ని నిమిషాల ముందే చెప్పాలి, మ్యానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్ ఎంత పవర్ ఇస్తోందో చూపే కొలత) 21 అంగుళాల లోపు ఉండాలి, థ్రాటిల్ మెల్లగా మూయాలి, మూస్తూ గట్టిగా ప్రకటించాలి. విద్యార్థి ఏం చేస్తాడో చూద్దామని ఆగకూడదు. అతను చేసినా చేయకపోయినా ఒక సెకనులో కలెక్టివ్ మీ చేత్తో దిగాలి. కుడి కాలు బిగించి ఉంచాలి, కంగారులో అతను ఎడమ పెడల్ తొక్కితే ఆపడానికి.

సూదుల_చీలిక
కొత్త_రెక్క గారికి ఒక అదనపు మాట. ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉన్నప్పటి ఆర్‌పీఎంని నమ్ముకోవద్దు. బరువుగా ఉంటే ఆటోలో ఆర్‌పీఎం పైకి పోతుంది, కలెక్టివ్ కొంచెం లేపాలి. తేలిగ్గా ఉంటే పూర్తిగా దించినా తక్కువగానే నిలవొచ్చు. ఒంటరిగా ఎగిరేటప్పుడు ఆటో సాధన చేయకపోవడానికి అదొక్కటే చాలు.